పిల్ల వదిలి వెళ్లిన ఏడుపు

ఏటి గట్టు తెగి లంకంతా మునిగిన వరద ఏడు, దసరాలు వెళ్లాక, పల్లయ్య తన ఎనిమిది నెలల కూతురు రాజామణిని మంచుదేశపు దంపతులకి పెంపకానికి ఇస్తాడు. పిల్ల వెళ్లిపోతుంది. పిల్ల ఏడుపు ఇంట్లోనే ఉండిపోతుంది.

వాసానికి కట్టిన చీర ఉయ్యాల్లో అది పడుకుని ఉంటుంది. కంటికి కనపడదు. పిల్ల ఉన్నప్పుడు చీర ఎంత జారేదో అంతే జారి ఉంటుంది. పల్లయ్య చెయ్యి పెట్టి చూస్తాడు. వెచ్చగా, తడిగా తగులుతుంది.

ఇవ్వక తప్పలేదు. వరద వెనకే వచ్చిన జ్వరాల్లో పెళ్లాం పోయింది. అతనిది కొబ్బరి దింపుల పని. చెట్టు మీద ఉన్నంతసేపూ పిల్ల ఒక్కత్తే. ఒకరోజు దిగి వచ్చేసరికి పిల్ల చెవి నిండా చీమలు. మర్నాడే టవున్లో అనాథాశ్రమం మెట్లెక్కాడు.

పిల్ల బట్టలు, గిలక్కాయ, మొలతాడు అన్నీ అడిగి పట్టుకెళ్లారు. ఏడుపు సంగతి ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. అసలే తక్కువ మాటల మనిషి.

ఏడుపుకి ఆకలేస్తుంది. పంచదార నీళ్లలో గుడ్డ ముంచి పెడితే చప్పరిస్తున్న చప్పుడవుతుంది. పనికి పోయేటప్పుడు తువాలుతో వీపుకి కట్టుకుంటాడు. పిల్లనయితే అలా కట్టుకుని చెట్టెక్కడానికి ధైర్యం చాలలేదు. ఏడుపు జారిపడినా దెబ్బ తగలదు.

పొద్దు వాలాక మాత్రం ఊపితేగాని ఊరుకోదు.

పక్కింటి పేరంటాలు వరసకి వదిన. గుమ్మంలో నిలబడి అంటుంది, "ఏటయ్యా, ఖాళీ ఉయ్యాల ఊపుతున్నావ్? పిల్లకి కడుపునొప్పి వత్తాది."

"ఖాళీ కాదొదినా. ఏడుపుంది."

ఆమె వచ్చి చెవి ఆనిస్తుంది. "ఉంది," అని ఒప్పుకుంటుంది. "అయినా ఊపకు. ఏడుపుకి కడుపుండదు గదా. నొప్పి ఎక్కడో చోటికి పోవాలి మరి."

పల్లయ్య ఊపుతూనే ఉంటాడు. ఏళ్లు గడుస్తాయి. ఏడుపు ఎదగదు, ఎనిమిది నెలల్లోనే ఉంటుంది.

ఏడో ఏడు, మంచుదేశపు తల్లి ఏరు దాటించే పంటి దిగి లంకలోకి వస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆవిడ నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తుంటుంది. ఆవిడ వాళ్ల భాషలోనే మాట్లాడుతుంది. పల్లయ్యకి అర్థమవుతుంది. ఒకే పిల్లకి తల్లీ తండ్రీ, అర్థం కాకపోతే ఎలా అనుకుంటాడు.

"రాజామణి ఏడవదు," అంటుంది ఆవిడ. "మోచెయ్యి విరిగినా ఏడవలేదు. మా అమ్మ పోయిన రోజు ముడుచుకుపోయి కూర్చుంది, కన్ను తడవలేదు. బడిలో పిల్లలు దాన్ని చూసి భయపడుతున్నారు. పైగా రోజూ కడుపునొప్పి. డాక్టర్లు లోపల చూశారు. ఏదో ఊగుతోందన్నారు."

పల్లయ్య చెయ్యి ఉయ్యాల తాడు మీద ఆగిపోతుంది. ఆగగానే ఏడుపు లేస్తుంది.

"ఊపకపోతే ఇది గుక్క పట్టేత్తాదండి," అంటాడు. "ఊపితే అక్కడ దానికి నొప్పి."

"అందుకే వచ్చాను. నాకివ్వండి."

"పిల్లని పట్టుకెళ్లారు. ఇదీ పట్టుకుపోతే నాకేటుంటాదండి?"

"ఏమీ ఉండదు," అంటుంది ఆవిడ. అబద్ధం చెప్పనందుకు పల్లయ్యకి ఆవిడ మీద గౌరవం కలుగుతుంది.

ఉయ్యాల్లో చెయ్యి పెట్టి అడుగుతాడు, "ఇది చేరాక పిల్ల ఏడుత్తాదా?"

"ఏడుస్తుంది. ఇన్నేళ్లదీ ఒక్కసారే."

"ఎత్తుకుంటారా?"

"పెద్దదయింది. బరువు."

"ఆయ్, బరువే. ఎత్తుకుంటారా అని."

"ఎత్తుకుంటాను."

"ఎడం పక్కనేసుకోండి. వీపు మీద కొట్టకూడదు, రాయాలి. ఊరుకోమని మాత్రం అనకండి. అంటే ఇంకా ఎక్కువ చేత్తాది."

ఆవిడ తోలుసంచి తెరుస్తుంది. పల్లయ్య తల అడ్డంగా ఊపుతాడు. ఏడుపు సంచిలో ఇమడదు. ఎవరో ఒకరు ఏడుస్తూ మోసుకెళ్లాలి. ఆవిడకది తెలుస్తుంది, సంచి మూసేస్తుంది. అతను ఉయ్యాల్లోంచి రెండు చేతులా ఎత్తి ఆవిడ నోటికి అందిస్తాడు. ఆవిడ కళ్లు మూసుకుని మింగుతుంది.

పంటి మీద ఆవిడ ఎనిమిది నెలల పిల్లలా గుక్కపెట్టి ఏడుస్తూ నిలబడుతుంది. జనం జరిగి చోటిస్తారు. ఒకామె కొంగుతో ఆవిడ ముక్కు తుడుస్తుంది. "ఇంకా ఎంతదూరం ఏడవాలమ్మా?" అని అడుగుతుంది. ఆవిడ చెయ్యి ఎత్తి సముద్రం అవతలికి చూపిస్తుంది.

ఇంట్లో చీర పైకి లేచిపోయి వాసానికి అంటుకుపోతుంది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోతుందంటే, పల్లయ్య చెవుల్లో వేళ్లు పెట్టుకుని పడుకుంటాడు.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తాడు. అతని వాకిట్లో మాత్రమే, తెల్లగా, చల్లగా ఏదో మోకాలెత్తున పడి ఉంది. దాని పేరు అతనికి తెలీదు. వీధివైపు నుంచి దాని మీద ఏడెనిమిదేళ్ల పిల్ల కాలంత చిన్న బూటు గుర్తులు ఒక్కటొక్కటే పడుతూ వస్తున్నాయి. వేసేవాళ్లు కనపడరు. ఒక గుర్తు పక్కన సన్నటి గీత. బూటు తాడు ఊడిపోయి ఈడుస్తున్నట్టుంది.

అడుగులు అతని ముందు ఆగుతాయి. ఒక పాదం కాస్త ముందుకి జరుగుతుంది.

పల్లయ్య పుట్టి బూటు తొడిగినవాడు కాదు. ఆ చల్లటిదాంట్లోనే మోకాళ్ల మీద కూర్చుంటాడు. గాలిలో తడిమి తడిమి తాడు కొసలు రెండూ పట్టుకుంటాడు. ముడి వేస్తాడు. బిగిస్తాడు, నొక్కుకుపోకుండా.