అరువిచ్చిన ఆటలు

ఆస్ట్రేలియాలోని మా బిండారా జూనియర్ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఈ ఏడాది కొత్త బ్యానరు వచ్చింది. యాభయ్యో ఆట, వందో ఆట, నూటయాభయ్యో ఆట ఆడబోయే పిల్లలు ఆ రోజు దాన్ని చీల్చుకుంటూ మైదానంలోకి పరుగెత్తుతారు. ఇదివరకు తల్లులు శుక్రవారం సాయంత్రం కూర్చుని రంగు కాగితాలతో అతికించేవారు. ఆదివారం ఉదయం వాన దాన్ని తడిపేది. కొత్తదాన్ని మెల్‌బోర్న్‌లో మా కోసమే ముద్రించారు. వెడల్పు ఐదు మీటర్లు, ఎత్తు మూడు. మధ్యలో నిలువునా వెల్‌క్రో పట్టీ. పరుగెత్తుకొచ్చి గుద్దితే రెండుగా విడిపోతుంది, మళ్ళీ అతికించుకోవచ్చు.

దాని మీద ఏముండాలో తేల్చడానికి ఐదుగురు ఉపసంఘంగా మూడుసార్లు కూర్చున్నారు. పైన గ్రాంట్ పాస్కో ట్రాక్టర్ల దుకాణం పేరు ఉండాలని, కింద ఆ దుకాణం ఫోన్ నంబరు ఉండాలని, మధ్యలో ట్రాక్టరు ఉండాలని తేలింది. ఆడే పిల్లల పేరుకు ట్రాక్టరు వెనక చక్రం పక్కన మూరెడు చోటు మిగిలింది. గ్రాంట్ క్లబ్బు అధ్యక్షుడు, బ్యానరు దాత. పిల్లలకు స్ఫూర్తి కావాలి కదా అన్నాడు. గోధుమ పండే ఊళ్ళో ట్రాక్టరును మించిన స్ఫూర్తి ఎవరికీ తట్టలేదు.

బ్యానరు బాధ్యత డెనీస్ ట్రెంబాత్‌ది. పిల్లల పేర్ల పట్టీలు మూడు వారాల ముందే ముద్రణకు పంపాలి. అందుకని ఎవరి వందో ఆట ఏ ఆదివారం పడుతుందో ఆమె కంప్యూటరు చూసి ముందే చెబుతుంది. ఆగస్టు మొదటి ఆదివారం మల్గా క్రీక్ జట్టుతో ఆట ఉంది. ఆ రోజు గ్రాంట్ కొడుకు జెట్‌కు వందో ఆట అని ప్రకటించింది.

ఆ ప్రకటన తర్వాతి మంగళవారం క్లబ్బు సమావేశానికి రస్ కెర్స్‌లేక్ వచ్చాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి, సమావేశాలకు ఎప్పుడూ రాడు. చేతిలో నోటు పుస్తకం ఉంది. అది అతని కూతురు హాటీది. హాటీకి పదమూడేళ్ళు. ఏడో ఏట నుంచి ఆడిన ప్రతి ఆటా అందులో రాసుకుంది: తేదీ, ఎవరితో, వాన పడిందా లేదా.

"మా హాటీకీ ఆ ఆదివారమే వందోది," అన్నాడు రస్.

డెనీస్ కంప్యూటరు చూసింది. "ఆ రోజుకు తొంభయ్యే అవుతాయి రస్."

"పుస్తకం ప్రకారం వంద."

"పుస్తకం ఎవరు రాశారు?"

"ఆడిన పిల్ల."

"అదన్నమాట," అన్నాడు గ్రాంట్, నేరం ఒప్పుకున్న మనిషిని చూసినట్టు చూసి.

తేడా ఎక్కడుందో అందరికీ తెలుసు. మల్గా క్రీక్ అంటే ఒక గోధుమ గాదె, ఒక పబ్బు, పదకొండు ఇళ్ళు. ఆ జట్టుకు మనుషులు ఎప్పుడూ చాలరు. ఒక జట్టు తక్కువ మందితో వస్తే రెండోది తన పిల్లల్లో ఒకరిద్దరిని అరువివ్వాలి. మంచి నియమమని తల్లిదండ్రులందరూ ఒప్పుకుంటారు, తమ పిల్లల్ని అడగనంతవరకు. కోచ్ వరుసలోకి చూడగానే ఒకడికి బూటు లేసు ఊడుతుంది, ఇంకొకడికి కడుపునొప్పి వస్తుంది. హాటీ చెయ్యెత్తదు. కానీ తల దించుకోదు. అలా పదకొండుసార్లు వెళ్ళింది, అందులో తొమ్మిది మల్గా క్రీక్‌కే.

"అవతలివాళ్ళ జెర్సీ వేసుకుని ఆడితే అది మన ఆట ఎలా అవుతుందోయ్?" అన్నాడు గ్రాంట్.

"పంపింది మీరేగా?"

"క్రీడాస్ఫూర్తితో పంపాం. స్ఫూర్తికి లెక్కేమిటి?"

"మరి మీవాడు చెయ్యి విరిగి కట్టుతో బెంచీ మీద కూర్చున్నాడు చూడు, ఆ రోజు?"

"జట్టుతోనే ఉన్నాడు. మనసు ఆడింది."

"వడగళ్ళు పడి నాలుగు నిమిషాలకే ఆపేశారు, ఆ ఆట?"

"జట్టు పట్టిక పంపేశాం. పట్టిక వెళ్ళిందంటే ఆట ఆడినట్టే."

రస్ కాస్త ఆలోచించాడు. "సరే. మా పిల్ల కాళ్ళు మల్గా క్రీక్‌కు ఆడాయి, మనసు ఇక్కడే ఉంది. సగం ఇవ్వండి పోనీ."

ఎవరూ నవ్వలేదు. రస్ హాస్యమాడలేదు కూడా. ఆ ఆదివారం తర్వాత సీజనులో మిగిలేవి రెండే ఆటలు. వచ్చే ఏడు అబ్బాయిలతో కలిసి ఆడే వయసు హాటీకి దాటిపోతుంది. అమ్మాయిల జట్టు ఉన్న ఊరు ఎనభై కిలోమీటర్ల దూరం. ఆ ఆదివారం వంద కాకపోతే ఈ క్లబ్బులో ఆమెకు ఇక ఎప్పటికీ కాదు.

ఓటుకు పెట్టారు. నాలుగు చేతులు లేచాయి. అరువు ఆటలు క్లబ్బు ఆటలు కావని తేలింది. డెనీస్ మినిట్స్ రాస్తూ చెయ్యెత్తడం మరిచిపోయింది.

"ఎలాగూ వచ్చావు కదా రస్," అన్నాడు గ్రాంట్, "ఆ రోజు బ్యానరు ఎడమ కర్ర పట్టుకుంటావా? మనుషులు దొరకడం లేదు."

రస్ పట్టుకుంటానన్నాడు.

ఆగస్టు మాకు చలికాలం. ఆదివారం పొద్దున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. తొమ్మిదింటికి గాలి లేచింది. మల్గా క్రీక్‌వాళ్ళు మూడు బళ్ళలో పదమూడు మందితో దిగారు. మావాళ్ళు పదిహేను మంది. ఒకరిని ఇస్తే సరిపోతుంది. మా కోచ్ వరుసలోకి చూశాడు. జెట్‌వి తప్ప అందరి లేసులూ ఊడిపోయాయి. జెట్‌ను ఆ రోజు ఎవరూ అడగరు కనుక అతను నిటారుగా నిలబడ్డాడు. హాటీ అప్పటికే జెర్సీ విప్పి తండ్రి చేతికిస్తోంది.

మల్గా క్రీక్ కోచ్ బెవ్ ష్యుల్ట్స్‌కు అరవై ఏళ్ళు. హాటీని చూసి సంచిలోంచి ఇరవైమూడో నంబరు జెర్సీ తీసింది.

"మళ్ళీ నిన్నే తోలారా తల్లీ? ఉతికే తెచ్చాలే, నువ్వే వస్తావని తెలుసు. ఏంటా మొహం?"

"ఏంలేదు. ఇవాళ నా వందో ఆట."

"మరి ఆ ట్రాక్టరు మీద జెట్ అని ఉందేం?"

"అది అతనిదే. నావి లెక్కలోకి రావన్నారు. మీకు ఆడినవి."

"మాకు ఆడినవి రావా?"

"రావట."

బెవ్ క్యాంటీను కిటికీ దగ్గరికి నడిచి, చిప్స్ చుట్టే తెల్ల కాగితం చుట్ట ఇటివ్వమంది. చీలమండలకు చుట్టే టేపు ఆమె సంచిలోనే ఉంది. పిల్లలు ఆరుగురు గడ్డి మీద కాగితం పరిచి, రెండు వరుసలు పక్కపక్కన అతికించి, టేపు ముక్కలతో "హాటీ 100" అని వేశారు. రెండు సున్నాల్లో ఒకటి పెద్దదైంది. పావుగంట కూడా పట్టలేదు. ఉపసంఘం అవసరం రాలేదు.

ఇటు మా బ్యానరుకు చిక్కొచ్చింది. ఆ గాలికి దాన్ని ఆపాలంటే ఆరుగురు కావాలి. జాబితాలో ఆరు పేర్లు ఉన్నాయి. వచ్చింది రస్ ఒక్కడే. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకోవాలన్నారు. కుడి కర్ర పట్టుకున్న డెనీస్‌ను బ్యానరు రెండుసార్లు లాక్కుపోయింది. జెట్ తాత, నాయనమ్మ అడిలైడ్ నుంచి వచ్చి కెమెరాతో గీత దగ్గర నిలబడి ఉన్నారు. గ్రాంట్ బెవ్ దగ్గరికి వెళ్ళాడు.

"బెవ్, మీవాళ్ళలో ఓ నలుగుర్ని ఇస్తావా? కర్రలు పట్టుకోవడానికి."

"అరువా?"

"అరువే అనుకో."

"లెక్కలోకి వస్తుందా అది?"

గ్రాంట్ అర్థం కానట్టు నవ్వాడు. బెవ్ నవ్వలేదు.

"ముందు మాది పట్టుకోండి," అంది, కాగితం చూపించి. "తర్వాత మీ ట్రాక్టరు సంగతి మేం చూస్తాం."

"అదేంటి, చిప్స్ కాగితమా?"

"మా క్లబ్బు బ్యానరు. మా ఆటగత్తెది. నాలుగు ముక్కలైపోకముందే వస్తావా, రావా?"

గ్రాంట్ గాలిని చూశాడు, తన తల్లిదండ్రుల కెమెరాను చూశాడు, వచ్చాడు. చిప్స్ కాగితం ఒక కొసను బిండారా జూనియర్ ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. రెండో కొసను రస్ పట్టుకున్నాడు. పైవైపు బెవ్ భర్త చీపురు కర్రతో ఎత్తిపట్టాడు. హాటీ పరుగెత్తింది. కాగితం చప్పుడు చేసుకుంటూ చిరిగింది. మల్గా క్రీక్ పిల్లలు ఆమె వెనక వచ్చారు. వాళ్ళ వెనక మా పిల్లలు కొందరు కూడా ఎవరూ చెప్పకుండానే వచ్చారు. వాళ్ళ లేసులన్నీ కట్టే ఉన్నాయి.

తర్వాత ట్రాక్టరు వంతు. గాలికి విడిపోకూడదని డెనీస్ ముందురోజే వెల్‌క్రోను అప్పడాల కర్రతో గట్టిగా నొక్కిపెట్టింది. జెట్ పరుగెత్తుకొచ్చి ఫోన్ నంబరును గుద్ది, వెనక్కి కూలబడ్డాడు. రెండోసారి డెనీస్ అడుగున జానెడు విప్పిపెట్టింది. క్లబ్బు పేజీలో వేసిన ఫొటో రెండోసారిది.

ఆటలో మావాళ్ళు నలభై ఒక్క పాయింట్ల తేడాతో గెలిచారు; ఈ ఫుట్‌బాల్‌లో గోలుకు ఆరు పాయింట్లు. జెట్ ఒక్క గోలూ కొట్టలేదు. నాలుగు భాగాల్లోనూ అతన్ని కాపు కాసింది హాటీ.

ఆట అయ్యాక హాటీ క్యాంటీను దగ్గర మాంసం కూరి కాల్చిన 'పై' తింటోంది. డెనీస్ వచ్చి పుస్తకం ఓసారి చూపించమంది. రస్ బండిలోంచి తెచ్చి ఇచ్చాడు. డెనీస్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివింది.

"సమావేశం నాటి నుంచీ ఒకటి అర్థం కావడం లేదు," అంది. "నీ లెక్కకూ నా లెక్కకూ తేడా పది. అరువు ఆటలేమో పదకొండు. ఒకటి ఎక్కడికి పోయింది?"

"ఏమో."

డెనీస్ పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. "వడగళ్ళ ఆట ఇందులో లేదు. కంప్యూటర్లో ఉంది."

"నాలుగే నిమిషాలు కదా," అంది హాటీ. "నేను బంతి ముట్టుకోనేలేదు. దాన్ని ఆట అని ఎలా రాస్తాను?"

రస్ కూతురి వైపు చూశాడు. "అది కలిపితే నీకు పోయినవారమే వంద అయ్యేది కదే."

"పోయినవారం ఆడింది తొంభైతొమ్మిదోది నాన్నా."

డెనీస్ పుస్తకం మూసింది. ఇదే పద్ధతిలో జెట్ ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. వడగళ్ళది తీసేసింది. మనసు ఆడినది తీసేసింది. తొంభై ఎనిమిది వచ్చాయి. సీజనులో ఇంకా రెండు ఆటలున్నాయి.

"ఇదే సరైన లెక్క," అని పుస్తకం హాటీ చేతికిచ్చింది.

"కంప్యూటర్లో మారుస్తారా?" అన్నాడు రస్.

"ఓటింగు అయిపోయింది కదయ్యా." డెనీస్ జెట్ పేరు, వంద అంకె ఉన్న పట్టీని చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. "కానీ దీన్ని మాత్రం చివరి ఆదివారం దాకా నా దగ్గరే ఉంచుతాను. జెట్‌కు వంద అయ్యేది అప్పుడే. ఎవరైనా అడిగితే చెబుతాను."

ఎవరూ అడగలేదు.