కాదన్న మాట

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకింకా గట్టిపట్టు దొరకలేదు. శ, ష, స నా చేతికి ఒకటే. నేను ఒక వాక్యం రాసేలోపు అలవాటున్నవాళ్ళు పేజీ రాసేస్తారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక గానీ అక్షరాలు నా దగ్గరికి రాలేదు మరి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇంకో సంగతి. కథలో మనిషిని ‘ఆవిడ’ అనే రాస్తున్నాను. ‘నేను’ అని మొదలుపెడితే కలం ముందుకు కదలడం లేదు. కదిలినప్పుడు చూద్దాం.

ఆ పొద్దున పాలు పొంగిపోయాయి.

పొయ్యి దగ్గర నిలబడి ఆవిడ పాఠం వల్లెవేసుకుంటోంది. ‘ఐ బాయిల్ మిల్క్.’ నేను పాలు కాస్తాను. అది ఉన్న మాట. ‘ఐ డు నాట్ బాయిల్ మిల్క్.’ నేను పాలు కాయను. అది కాదన్న మాట. ‘డు ఐ బాయిల్ మిల్క్?’ నేను పాలు కాస్తానా? అది అడిగే మాట. కాదన్న మాట దగ్గర నాలుక మెలికపడి ఆవిడ మళ్ళీ మళ్ళీ అంటుండగా, పాలు ఆ మాట విని అలిగినట్టు గిన్నె దాటి పొయ్యంతా పారాయి.

“అమ్మా, ధ్యాసెక్కడుంది?” అన్నాడు కొడుకు, ఫోన్లోంచి తలెత్తకుండానే. “ఆ, చెప్పడం మర్చిపోయాను. బాబుని చూసే ఆయాని మాన్పించేస్తున్నాం. రేపట్నించి రాదు. నువ్వున్నావుగా ఇంట్లో. నీకూ కాలక్షేపం.”

కాలక్షేపమట! పిల్లాడు పాకడం మొదలుపెట్టినప్పట్నించీ ఆవిడ కన్ను ఒకటి చెప్పుల స్టాండు మీద, ఒకటి బాత్రూం తలుపు మీద. నోట్లో ఏం పెట్టుకున్నాడో వేలు పెట్టి తీయాలి, తీసినందుకు వాడు కొరికితే నవ్వాలి. ఆయా ఉండగానే సగం పని ఆవిడది. ఇప్పుడు మొత్తం ఆవిడది, పేరు మాత్రం కాలక్షేపం.

అయినా ఆవిడ గొంతులో ఆ నిమిషాన అడ్డం పడ్డది అది కాదు. వారం రోజులుగా కొడుక్కి చెప్పాలనుకుంటున్న మాట ఒకటుంది. ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వెళ్ళే తల్లులు తమ పిల్లల్ని దింపే క్రెష్‌లో పెద్దావిడ కావాలన్నారు. రకరకాల భాషల పిల్లలు, కాస్త ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలన్నారు. సోమవారం పొద్దున రమ్మన్నారు. ఇవాళ ఆదివారం. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

చెప్పాలని నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి “సరే” అని వచ్చింది. ఎక్కిళ్ళు వచ్చినట్టు, ఆవిడ ప్రమేయం లేకుండా.

ఆ మాట వల్లే ఆవిడకి ‘సరేనమ్మ’ అని పేరు. పెట్టింది అత్తగారు. కాపురానికొచ్చిన కొత్తలో వీధి గుమ్మంలో నలుగురినీ కూర్చోబెట్టి, “మా కోడలికి రెండే మాటలు వచ్చు! ఒకటి ‘సరే అత్తయ్యా’, రెండోది ‘సరేనండీ’” అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. మెచ్చుకుంటున్నారనుకుంది పాపం. ఆ పేరు భర్త నోటికీ ఎక్కింది. “సరేనమ్మా, మంచినీళ్ళు. సరేనమ్మా, తువ్వాలు.” పెళ్ళికి ముందు ఉన్న పేరు పెట్టె అడుగున చీరలాగా ఎక్కడో మడతలోనే ఉండిపోయింది.

భర్త బస్సు డిపోలో గుమాస్తా. సాయంత్రం వచ్చి బూట్లు విప్పుతూ ఒకే మాట అడిగేవాడు. “పొద్దుట్నించీ ఇంట్లో కూర్చుని ఏం చేశావ్?” ఒకసారి పిచ్చిది నిజంగానే అడుగుతున్నాడనుకుని చెప్పబోయింది. నీళ్ళు పట్టాను, దుప్పట్లు ఉతికాను, అత్తయ్య కాళ్ళకి కాపడం పెట్టాను... “నేనేమన్నా లెక్క అడిగానా? సరదాకన్నాను” అన్నాడాయన. ఆ మాట అడిగే మాట కాదని, ప్రశ్న వేషం కట్టుకున్న కాదన్న మాటని, ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాక గానీ ఆవిడకి తెలియలేదు.

ఆయన పోయాక ఇల్లు కొడుకుదయింది. మధ్యాహ్నాలు, పిల్లాడు పడుకుని ఆయా కాపలా ఉన్న ఆ కాస్త సేపూ ఆవిడదయింది. లైబ్రరీ మేడ మీద ఆడవాళ్ళకి చదువు చెప్తున్నారని వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ లాక్కెళ్ళింది. మొదట మన అక్షరాలు, తర్వాత ఇంగ్లీషు. టైలరమ్మకి కొలతలు ఇంగ్లీషులో రాసుకోవాలని కోరిక. ఆవిడకేం కోరికో ఆవిడకే తెలీదు. బస్సు మీద బోర్డు ఎవరినీ అడక్కుండా చదివిన రోజున మాత్రం రెండు స్టాపులు అవతల దిగింది. దారి పొడుగునా కనపడ్డ బోర్డులన్నీ చదవడం ఆపబుద్ధి కాలేదు.

టీచరమ్మ, ఆవిడకి కూతురి వయసు పిల్ల. మాట మెత్తన, చాక్‌పీసు పొడి నెత్తి దాకా. పాజిటివ్, నెగటివ్, క్వశ్చన్ అంటే ఎవరికీ ఎక్కడం లేదని తానే ఉన్న మాట, కాదన్న మాట, అడిగే మాట అని పేర్లు పెట్టింది. ఒకరోజు బోర్డు మీద ‘ఐ కుక్’ అని రాసి, “ఇందులో ‘డు’ ఉంది. కనపడుతోందా?” అంది.

“లేదుగా మేడం” అన్నారు అందరూ.

“ఉంది. లోపల దాక్కుని ఉంది. ఉన్న మాటలో బయటికి రాదు. కాదన్నప్పుడు వస్తుంది. ఐ డు నాట్ కుక్. అడిగినప్పుడు వస్తుంది. డు ఐ కుక్?”

“అచ్చం మా ఆయనే! పని ఉన్నంతసేపూ కనపడడు, గొడవైతే ముందుంటాడు” అంది టైలరమ్మ. గదంతా ఘొల్లుమంది.

ఆవిడ నవ్వలేదు. పని చేసినంతకాలం కనపడకుండా ఉండేది, చెయ్యనంటేనే ఉందని తెలిసేది... ఎవరో తన గురించి బోర్డు మీద రాసినట్టనిపించింది. వంట రోజూ టేబుల్ మీదికి వస్తుంది, వండిన మనిషి రాదు. జ్వరమొచ్చి పడుకున్న రోజున మాత్రం ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరి, “ఏమైంది? ఇవాళ వంట లేదా?” అంటారు.

తర్వాత జరిగిపోయిన కాలం వచ్చింది. ఆవిడ ‘ఐ డిడ్ నాట్ కుక్డ్’ అని రాసింది. “పెద్దమ్మా, జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ మోస్తోందిగా. మళ్ళీ ‘కుక్’ నెత్తిన కూడా ఎందుకు?” అంది టీచరమ్మ.

“అంటే ఒకళ్ళు మోస్తుంటే రెండోవాళ్ళు చేతులూపుకుంటూ నడవొచ్చన్నమాట.”

“ఇంగ్లీషులో నడవొచ్చు” అని నవ్వింది టీచరమ్మ.

అన్నీ దిద్దుకుంది గానీ ఒక తప్పు మాత్రం ఆవిడ చేతిని వదల్లేదు. ఉన్న మాటలో కూడా ‘డు’ పెట్టేసేది. ఐ డు కుక్. ఐ డు వాష్. టీచరమ్మ ఎన్నిసార్లు కొట్టేసినా మళ్ళీ వచ్చి కూర్చునేది.

“ఇక్కడ అక్కర్లేదు పెద్దమ్మా.”

“ఎందుకమ్మా దాచడం? చేస్తున్నప్పుడు కూడా కాస్త కనపడనీ.”

మళ్ళీ నవ్వులు. టీచరమ్మ మాత్రం చాక్‌పీసు పట్టుకుని ఆగిపోయింది. “నిజం చెప్పాలంటే అది తప్పు కాదు పెద్దమ్మా. అలా అనే సందర్భం ఒకటుంది. ఎవరన్నా ‘నువ్వు చెయ్యవు’ అన్నారనుకోండి. కాదు, చేస్తాను అని గట్టిగా చెప్పాలంటే అప్పుడంటారు, ఐ డు కుక్ అని. మామూలప్పుడు వాడకండి. అవసరం వచ్చినప్పుడు వాడండి.”

ఆవిడ ఆ సంగతి మనసులో పెట్టుకుంది. మన భాషలో కాదనడం ఎంత తేలికో కూడా ఆ రోజే ఆలోచించింది. చెయ్యను. రాను. ఉండను. ఏ ‘డు’ సాయమూ అక్కర్లేదు, మనిషితో సహా అంతా ఒక్క మాటలోనే ఉంది. అడగాలంటే అదీ అక్కర్లేదు, చివర కాస్త సాగదీస్తే చాలు. అంత తేలిక మాట ఇన్నేళ్ళు నోటిదాకా ఎందుకు రాలేదు? పుట్టిన భాషలో ప్రతి మాటకీ ఎవరిదో గొంతు అంటుకుని ఉంది. ‘చెయ్యను’ అనబోతే అత్తగారి కళ్ళు కనపడతాయి. ఇంగ్లీషు కొత్త గిన్నె. దానికింకా ఎవరి మసీ అంటలేదు.

పాలు పొంగిన ఆ ఆదివారమే సాయంత్రం కొడుకు ఆఫీసరూ ఆయన భార్యా టీకి వచ్చారు. మన భాష రానివాళ్ళు. కొడుకూ కోడలూ వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఆవిడ ట్రేలో కప్పులు సర్దుకుని ముందు గదిలోకొచ్చింది. ఆ గదిలో ఆవిడ చెయ్యి పడని వస్తువు లేదు, ఆఫీసరు బూట్లు తప్ప. సోఫా గుడ్డలు ఉతికింది ఆవిడ. కొడుకు చొక్కాకి ఇస్త్రీ ఆవిడది. బాబు నవ్వుతూ ఉండటానికి కారణం, అంతకుముందే ఆవిడ వాడి కడుపు నింపి ఉండటం.

ఆఫీసరు మర్యాదగా ఆవిడ వైపు చూసి కొడుకుని అడిగాడు. “వాట్ డజ్ యువర్ మదర్ డు?”

ఆవిడకి అర్థమైంది. ముందు ‘డజ్’ వచ్చింది కాబట్టి అడిగే మాట. చివర్న ‘డు’ కూడా ఉంది. మీ అమ్మగారు ఏం చేస్తారు? ట్రే చేతుల్లోనే ఆగిపోయింది. జవాబు తన కొడుకు చెప్తాడు. ఏం చెప్తాడో వినాలనిపించింది.

“షి డజ్ నాట్ వర్క్” అన్నాడు కొడుకు. “షి జస్ట్ స్టేస్ ఎట్ హోమ్.”

కాదన్న మాట. ‘డజ్’కి ‘ఎస్’ తోక ఉంది, ‘వర్క్’కి లేదు. సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. టీచరమ్మయితే టిక్కు పెట్టేది. ఒక్క తప్పు కూడా లేని అబద్ధం. బూట్లు విప్పుతూ తండ్రి అన్న మాటే, ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వచ్చింది.

ట్రే బల్ల మీద పెట్టి ఒక్కొక్కరికీ కప్పు అందించింది ఆవిడ. ఒక్క కప్పూ ఒలకలేదు.

“ఐ డు వర్క్” అంది.

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు” అన్నాడు కొడుకు, పళ్ళ మధ్య నుంచి మన భాషలో.

వెళ్ళలేదు. “ఐ డు కుక్. ఐ డు వాష్. ఐ డు సీ బేబీ.” చివరిది తప్పేమో అనుకుంది. పోనీ, తప్పయితే ఏం? “టుమారో ఐ విల్ నాట్ స్టే ఎట్ హోమ్. టుమారో ఐ విల్ గో. క్రెష్. వర్క్.”

ఆఫీసరు ఏదో అనబోయి టీ మింగాడు. ఆయన భార్య కప్పు కింద పెట్టి, ఆవిడ మొహంలోకి సూటిగా చూసి, “యెస్. యూ డు” అంది.

వాళ్ళు గేటు దాటారో లేదో ఇంట్లో పెద్ద గాలివాన.

“పరాయివాళ్ళ ముందు నన్ను తలెత్తుకోకుండా చేశావు! ఏదో మాటవరసకన్నాను.”

“మీ నాన్నగారూ మాటవరసకే అన్నారు నాయనా. ఆయన పోయేదాకా అన్నారు.”

“నీకేం లోటు చేశామమ్మా? సొంత మనవణ్ణి వదిలేసి ఎవరి పిల్లలవో ముక్కులు తుడుస్తానంటావా? నలుగురూ ఏమనుకుంటారు?”

“మా అమ్మ పని చేస్తుంది అని చెప్పు. అదే అనుకుంటారు.”

కోడలు అంతసేపూ బాబుని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఆ పిల్లకి కోపం కన్నా భయమే ఎక్కువగా ఉందని ఆవిడకి తెలుసు. ఉద్యోగం నుంచి వచ్చాక ఆ పిల్ల నడుం వాల్చేది ఎప్పుడో కూడా తెలుసు. “రేపు నాకు ఆఫీసు ఉంది అత్తయ్యా. ఆయాని రావద్దని చెప్పేశాం. బాబుని ఎవరు చూస్తారు?”

అదొక్కటే ఆ రోజంతట్లో నిజంగా అడిగిన మాట.

“తీసుకొచ్చి క్రెష్‌లో దింపమ్మా. నేనే చూస్తాను. అక్కడ చూస్తే దాన్ని పని అంటారు.”

కొడుకు తలుపు ధడాల్న వేసుకుని లోపలికి పోయాడు. కోడలు బాబుని ఆవిడ చేతికిచ్చింది. తర్వాత, మొదటిసారి, వంటింట్లోకెళ్ళి ఆ టీ కప్పులు తనే కడిగింది.

సోమవారం ఆవిడ వెళ్ళింది. ఆ ఒక్క రోజుకీ కోడలు సెలవు పెట్టి బాబుని చూసుకుంది. మంగళవారం నుంచి రమ్మన్నారు. ఆ మంగళవారం కోడలు బాబుని ఎత్తుకుని క్రెష్ గుమ్మంలోకి వచ్చింది. వాడు ఆవిడ్ని చూసి చేతులు చాచాడు. అక్కడి మేనేజరు ఆశ్చర్యపోయి, “డు యూ నో దిస్ బేబీ?” అంది.

“యెస్” అంది ఆవిడ. “ఐ డు.”

కొడుకు మాత్రం మాట్లాడ్డం మానేశాడు. ఒకే ఇంట్లో గోడలతో మాట్లాడుకోవడం చాతకాక, ఆవిడ తన బట్టలు ఒక సంచిలో సర్దుకుంది. ఈసారి ‘సరే’ అనాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు. ‘ఉండు’ అని కోడలు ఒక్కతే అంది. “ఉండను” అంది ఆవిడ. మన భాషలోనే. ఎవరి గొంతూ అంటుకోకుండా బయటికొచ్చింది ఆ మాట.

ఇదిగో, కలం కదిలింది.

నేను సరేనమ్మని కాదు. ఆ పేరుతో పిలిస్తే పలకను. నా వయసు అరవై రెండు. టైలరమ్మ కొట్టు మీది గదిలో ఉంటున్నాను. కింద మిషన్ల చప్పుడు, పైన నేను. పొద్దున్నే నాకొక్కదానికే పాలు కాచుకుంటాను. పొంగితే తుడుస్తాను. ఒక్కోరోజు తుడవను.