తుప్పు వదిలే మాత్రలు

బోయిగూడలోని ఆ చిన్న చర్చి సంఘంలో ఒక అలవాటుంది. రోగం తగ్గాక దేవుడే తగ్గించాడని సాక్ష్యం చెప్పడం ఎవరైనా చేసేదే. తగ్గకముందే తగ్గిందని చెప్పడం గట్టి విశ్వాసుల పని. నలుగురిలో అట్లా ముందే చెప్పేస్తే దేవుడు మాట దక్కిస్తాడని అక్కడి పెద్దల నమ్మకం. దేవుణ్ని మొహమాటపెట్టి పని చేయించుకునే ఈ తెలివి ఎవరికి పుట్టిందో గాని, రోసమ్మ కొంప ముంచింది అదే.

రోసమ్మ భర్త సైలస్ పడుచువాడుగా ఉన్నప్పటి నుంచీ ఆ చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడు. కాళ్లతో తొక్కుతూ చేతులతో వాయించే పాతకాలం పెట్టె అది. ఏడాదిగా అతని వేళ్లు మాట వినడం లేదు. చొక్కా గుండీ పెట్టుకోవడం ఒక యుద్ధమైంది. పాట సగంలో ఎక్కడున్నాడో మరిచిపోయి మళ్లీ మొదటికి వస్తున్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇది వయసు తెచ్చే అరుగుదల, నడక మానకండి, పూర్వంలా అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి అన్నాడు.

సైలస్ దిగులు పడ్డాడు గాని మొండికెయ్యలేదు. "ఈస్టర్ ముందటి మట్టలాదివారమే ఆఖరు. ఆనాడు నేనే ఆర్గన్ మూతేసి తాళంచెయ్యి కల్పలత చేతిల పెడ్తా. ఒకరు పొమ్మనకముందే పోవాలె" అన్నాడు భార్యతో. పాస్టరు అయ్యగారికీ అదే చెప్పాడు. కల్పలత అతని తమ్ముడి కూతురు. మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఆర్గన్ అతని దగ్గరే నేర్చుకుంది.

ఆ మాట రోసమ్మకు మింగుడు పడలేదు. ఆర్గన్ వాయించేవాడి భార్యగా ముందు వరుసలో ఆమెకు ఒక చోటుంది, అది పోతుందన్న బాధ కొంత. మొగుడు ముసలివాడయ్యాడని ఒప్పుకోలేని ప్రేమ కొంత. ఏది ఎంతో ఆమెకే తెలియదు.

సరిగ్గా అప్పుడే రోనాల్డ్ తగిలాడు. ఆరాధన కాగానే చర్చి వాకిట్లో బల్ల వేసుకుని యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అమ్మే మనిషి. నోట్లో నాలుక ఉన్నవాడు.

"ఇనుముకు తుప్పు పట్టినట్టే మెదడుకు సుత పడ్తదమ్మా, నరాలకు సుత పడ్తది. గందుకే చేతులు వణుకుడు, మతిమరుపు. ఈ గోలీలు ఆ తుప్పునంత కడిగేస్తయ్" అన్నాడు.

ఇంటికొచ్చిన కల్పలత ఆ సీసా చూసి తల పట్టుకుంది. "పెద్దమ్మా, ముసలి ఎలుకలకు పెడితే జెర హుషారైనయని ఇదంత షురూ అయింది. మనుషులకు ఏండ్లకేండ్లు ఇచ్చి చూసిన్రు. మతిమరుపు ఆగలే, చేతులు సుత బాగుపడలే. పండ్లు పెట్టు, రోజూ నడిపియ్యి, చాలు. పెద్దనాన్నను మాత్రం పరేషాన్ చెయ్యకు."

"నీకు విశ్వాసం చాలదు బిడ్డా. నీకోసం ప్రార్థన చేస్తా" అంది రోసమ్మ, జాలిగా.

మట్టలాదివారానికి ముందు ఆదివారం ఆమె ఆరాధనలో లేచి నిలబడింది. "ఈ గోలీల తోటి, దేవుని కృప తోటి, మా ఆయన చేతులు మళ్ల మునుపటి లెక్కయినయ్" అని చెప్పేసింది. చప్పట్లు మోగాయి. రోనాల్డ్ ఫోను ఎత్తి వీడియో తీసుకున్నాడు. ఆర్గన్ ముందు కూర్చున్న సైలస్ వెనక్కి తిరిగి భార్యను చూసి, తల దించుకున్నాడు.

పాస్టరు అయ్యగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "ఇంక తాళంచెయ్యి ఇచ్చుడేంది సైలస్ గారూ? శుభ శుక్రవారం ఏడు మాటలకు సుత మీరే వాయించాలె" అన్నాడు. కాదంటే భార్యను నలుగురిలో అబద్ధాలకోరును చేసినట్టే. సైలస్ సరేనన్నాడు.

ఇంటిదారిలో భార్యను ఒక్కటే అడిగాడు. "చెప్పేముందు నన్నొక్క మాట అడిగినవా?"

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. రోసమ్మ, పాపం, అన్న మాట తీసుకోవాలని కూడా అనుకోలేదు, ఆ రోజు నుంచి మొగుడి చేత రోజుకు రెండు మాత్రలు మింగించింది.

మట్టలాదివారం తాళంచెవి చేతులు మారకుండానే గడిచిపోయింది. శుభ శుక్రవారం చర్చి నిండిపోయింది. ఆడవాళ్లంతా తెల్లచీరల్లో ఉన్నారు. సిలువ మీద ప్రభువు పలికిన ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగించడం, మధ్యలో ఒక పాట. మూడో మాట దాకా సైలస్ ఎట్లాగో నెట్టుకొచ్చాడు. నాలుగో మాట అయింది. శ్రమల పాట అందుకోవాల్సిన వేళ్లు తడబడి, తడుముకుని, క్రిస్మస్ పాట ఎత్తుకున్నాయి.

జనం ముందు నమ్మలేదు. తర్వాత వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంతలో తొక్కడం మరిచిపోయి కాళ్లు ఆగిపోయాయి, ఆర్గన్ మూలిగి ఊరుకుంది. గాలి ఆగిన ఆర్గన్ మీటల మీద సైలస్ వేళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. కల్పలత పరుగున వెళ్లి అతని చేతులు పట్టుకుంది.

"పాట కాలేదింకా బిడ్డా" అన్నాడు సైలస్.

అందరూ చూస్తుండగా కల్పలత అతన్ని పక్క తలుపులోంచి బయటికి నడిపించింది. తనంతట తాను ఆర్గన్ మూసి, తాళంచెవి చేతిలో పెట్టి, మర్యాదగా దిగాల్సిన మనిషి. ఆ ఒక్క మర్యాదా రోసమ్మ తన నోటితో పోగొట్టింది. ముందు వరుసలో కూర్చుని ఆమె ఏడ్చింది. వాకిట్లో రోనాల్డ్ కనబడి, "డోసు చాలలేదమ్మా, పెంచాలె" అన్నాడు.

మర్నాడు బొల్లారం నుంచి చిన్ననాటి స్నేహితురాలు దేవమ్మ ఫోను చేసింది. "రోసక్కా, నీ సాక్ష్యం వీడియో మా ఫోన్లకు సుత వచ్చింది. మా ఆయనకు సుత గట్లనే చేతుల తక్లీఫ్. నిజంగ తగ్గిందా?"

ఎదురుగా సైలస్ రెండు చేతులతో చాయ్ కప్పు పట్టుకుని, సగం చొక్కా మీద పోసుకుంటున్నాడు. రోసమ్మ గుండె చిక్కబట్టుకుంది.

"తగ్గలే దేవమ్మా. తగ్గకముందే చెప్పిన. ఆయన పరువంత తీసిన. నా మాట విని నువ్వు ఆ గోలీలు కొనకు."

అవతల దేవమ్మ గొంతు జాలిగా వినిపించింది.

"నీకు విశ్వాసం చాలనట్టుంది అక్కా. నీకోసం ప్రార్థన చేస్తా. మేమైతే గోలీలు తెచ్చినం. రేపు ఈస్టర్ పండుగ ఆరాధనల నేను సుత లేచి, తగ్గిందని చెప్పేస్తున్న."