దారిలో పడ్డ పిల్ల

నాయకుడికి కోటు ట్రయల్ వేసేటప్పుడు టైలరు నోట్లో గుండుసూదులుంటాయి. ఆ ఇంట్లో విన్నది బయటికి పొక్కనివ్వడని అతనికి పేరు. నాయకుడి కొడుక్కీ, అతనితో ఒకే గదిలో ఉంటున్న స్నేహితుడికీ ఏళ్ళుగా ఈ టైలరే బట్టలు కుడుతున్నాడు. అది ఏ స్నేహమో కొలతలు తీసేవాడికి ఒకరు చెప్పాలా? చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎవరి బతుకు వాళ్ళదనుకున్నాడు, పిచ్చి మారాజు!

అదే నాయకుడు మైకు పట్టుకుంటే పూనకమే. "మన పిల్లల్ని చెడగొడుతున్నారు! ఆడపిల్లలు ఆడపిల్లల్నే ప్రేమించడమేమిటి? ఒక్కో కాలేజీలో వందమంది!"

"ఎవరు లెక్కపెట్టారండీ?" అని టైలరు ఒకసారి సూదులు తీసి మరీ అడిగాడు.

"ఎవరూ పెట్టలేదు కాబట్టే వంద అన్నానయ్యా. చంక దగ్గర పట్టేస్తోంది, చూడు."

ఆ వందలో ఒకతె టైలరు కూతురే అయి కూర్చుంది. నర్సింగు చివరి ఏడు. తమ వీధిలోని పోస్ట్‌మ్యాన్ కూతురూ తనూ ప్రేమించుకున్నారని తెలిసి కాలేజీవాళ్ళు ఇద్దరి హాల్ టికెట్లూ ఆపేశారు. పరీక్ష సోమవారం.

టైలరు లబోదిబోమంటూ నాయకుడి దగ్గరికి పరిగెత్తాడు. "మీరు ఒక్క మాట చెబితే ఇచ్చేస్తారండీ. అబ్బాయిగారి సంగతి నేనేనాడైనా నోరు జారానా?"

"మావాడిది ఇంటి విషయమయ్యా. మీ అమ్మాయిది సమాజం విషయం."

"తేడా ఏంటండీ?"

"మా ఇంటికి గేటుంది." నాయకుడు నవ్వాడు. "ఆదివారం సభకి తీసుకురా. ఫలానా పిల్ల నన్ను చెడగొట్టింది, ఇప్పుడు దారిలో పడ్డానని చెప్పమను. హాల్ టికెట్ స్టేజీ మీదే ఇప్పిస్తా."

టైలరు ఏడ్చి, కూతురి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, ఆమెని సభకి తీసుకొచ్చాడు. హాల్ టికెట్ పట్టుకుని పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? నాయకుడి కొడుకే! పిల్ల మైకు ముందు బిగుసుకుపోయింది. అతను చెవి దగ్గరికి వంగాడు.

"చెప్పెయ్ చెల్లీ. రెండు నిమిషాల పని. తర్వాత అలవాటైపోతుంది."

పిల్ల అతని మొహంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నాయకుడు టైలరు వైపు గుడ్లురిమాడు. టైలరు గబగబా వచ్చి మైకు లాక్కున్నాడు.

"మా అమ్మాయి అమాయకురాలండీ! అంతా ఆ పోస్ట్‌మ్యాన్ కూతురే చేసింది. మాయమాటలు చెప్పి చెడగొట్టింది!"

చప్పట్లు మోగిపోయాయి. సిగ్గులేని మనిషి, టైలరు కూడా కొట్టాడు.

తండ్రీకూతుళ్ళు తమ వీధి చేరేసరికే పోస్ట్‌మ్యాన్ ఇంటి కిటికీలు పగిలి ఉన్నాయి. వాకిలంతా గాజు పెంకులు. టైలరు అటు చూడకుండా కూతుర్ని ఇంట్లోకి తోశాడు.

"జరిగిందేదో జరిగింది. నాలుగు మెతుకులు తిని చదువుకో తల్లీ. రేపే పరీక్ష."

ఆమె స్టేజీ మీద చేతిలో పెట్టిన హాల్ టికెట్ తీసి కుట్టు మిషను మీద పెట్టింది. "నా బదులు అక్కడ నువ్వే చెప్పావుగా నాన్నా. పరీక్ష కూడా నువ్వే రాయి."

చెప్పులైనా వేసుకోకుండా ఆ గాజు పెంకుల మీదుగా పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళి తలుపు తట్టింది. ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. లోపల మనుషులున్నారు, మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఎంతసేపు కొట్టినా తలుపు తియ్యలేదు.