చంపితేనే కనిపించే పోగులు

రోజూ పొద్దున్నే మా అక్క ఫోన్ చేసి ఒకటే అడిగేది. "వాడెలా ఉన్నాడే?"

వాడు, అంటే అక్క కొడుకు, పోయి నెల కూడా కాలేదు. అక్క అడిగేది నా ల్యాబులో ఇంకా బతికున్న వాడి కాలేయ కణాల సంగతి. మిగతా గిన్నెల్లోవన్నీ రాలిపోయి, ఒక్క గిన్నె మిగిలింది. "బాగున్నాడక్కా, కడుపునిండా తిన్నాడు" అనేదాన్ని. గిన్నెలో పోషకద్రవం మార్చడాన్ని అక్కకి ఇంకెలా చెప్పను?

ప్రతి కణంలోనూ సన్నటి పోగుల పందిరి ఒకటుంటుంది. కణానికి అదే అస్థిపంజరం. మావాడి కణాల్లో అది పుట్టుకతోనే బలహీనం, చివరికి కూలిపోయింది. ఇప్పుడు వాడి చెల్లెలికీ కళ్లు పచ్చబడ్డాయి. ఇన్సులిన్‌తో పాటు ఇంకో హార్మోన్ పోస్తే పోగులు మళ్లీ లేస్తాయని మా ల్యాబు పెద్దసారుకి గంపెడాశ. లేస్తే పిల్లకి అదే మందు మొదలుపెడతానని డాక్టరు మాటిచ్చాడు. పోశాం. ఇక చూడాలి.

ఆ చూడటంలోనే ఉంది చిక్కంతా. పోగులకి రంగు పట్టాలంటే ముందు ఫార్మలిన్ పోసి కణాల్ని చంపాలి.

"చంపకుండా చూడలేవా?" అంది అక్క.

"మా దగ్గర కుదరదక్కా."

"ఇంత చదువు చదివి?"

నాకు ఒళ్లు మండింది. "నా చేతుల్లో ఉంటే వాణ్నే దక్కించుకునేదాన్ని కదక్కా!"

పిల్లకి వినపడకుండా అక్క గొంతు తగ్గించింది. "సరే, కానీ. ఉన్నదాన్నయినా నిలుపుకోవాలిగా" అంది.

క్యాంటీన్ టీని తిట్టుకుంటూ ఎన్ని గిన్నెల్లో పోశానో ఆ ఫార్మలిన్. ఇవాళ మూత మీద వాడి పేరు రెండుసార్లు చదివాను. అయినా పోశాను.

రంగు పట్టాక మైక్రోస్కోపులో కణం అంచు వెంబడి పోగులు బిగుతుగా కనిపించాలి. అన్నీ ముద్దలు ముద్దలుగా పడి ఉన్నాయి. ఎక్కడైనా ఒక్క పోగు నిలబడిందేమోనని గిన్నె జరిపి జరిపి చూశాను. లేదు.

పెద్దసారు కూడా చూసి కళ్లజోడు తీశాడు. "ఇంకో హార్మోన్ ప్రయత్నిద్దాం" అన్నాడు.

"దేంట్లో పోసి చూస్తారు సార్?" అన్నాను. వాడి కణాలున్న ఆఖరి గిన్నె అదే.

"లేవలేదక్కా" అని ఫోన్లో చెప్పాను. అక్క ఏడవలేదు. వెనకాల పిల్ల "పిన్నేనా?" అని అడుగుతోంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్న మళ్లీ ఫోన్ మోగింది.

"వాడెలా..." అని ఆగిపోయింది అక్క. "ఇవాళ పిల్ల ఏమీ తినలేదే" అంది.