పలకని మెట్టు

"అప్పగింతల పాట నాను క్లారినెట్టు మీద ఎత్తుకుంటే పందిరి గుంజలు కూడా ఏడిసేస్తాయి తాతా, మొన్న బొబ్బిలి పెళ్ళిలో కన్నీళ్ళు పట్టే సాంబారు కాసేరు," అని నేను చెబుతూండగానే మా వెనకాల నా వాయింపే వినబడుతుంది, తిరిగి చూస్తే పెళ్ళికూతురు ఏడుపు మానేసి డాన్సు చేస్తోంది, వాళ్ళమ్మ ఈలలు వేస్తోంది, గుంజలు నిజంగానే ఊగుతున్నాయి, అయితే తాళానికి.

చనిపోయిన మా కొర్లయ్య తాత బ్యాండుమేళం కోటూ టోపీతో నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు.

"దాలిగా, నీకీ పాటలో మూడో వరస రాదు గదేటిరా?"

రాదు. అక్కడికొచ్చేసరికి ఏదో సినిమా బిట్టు దూర్చేస్తాను. చెల్లి గౌరికి మాత్రం మొత్తం వచ్చనే చెప్పాను. ఈ సాయంత్రమే దాని అప్పగింతలు, తాత వాయించినట్టే వాయించమంది. తాత ఆ వరస నేర్పుతానన్న రోజున ఆయన టోపీలో కప్పని పెట్టి పారిపోయాను. మళ్ళీ కుదిరేలోపు ఆయనే వెళ్ళిపోయాడు.

"రా," అని తాత నడుస్తుంటే పందిరి కాస్తా చర్చి అయిపోతుంది, అదే పాట, మాటలు మాత్రం ప్రభువువి, పక్క తలుపు తీస్తే నాటకం స్టేజీ, రాజ్యం పోయిన రాజుగారు హార్మోనియం మీద అదే వరస అందుకుంటే జనం వన్స్‌మోర్ అంటున్నారు, పాపం ఆయన మళ్ళీ రాజ్యం పోగొట్టుకుంటున్నాడు, ఇంకో తలుపు తీస్తే భీమిలి బంగళా, ఎప్పటిదో కాలం, ఓడెక్కినవాడు ఇంకా రాలేదని ఒక దొరసాని పియానో ముందు ఇంగ్లీషులో పాడుతోంది, వరండాలో పంఖా తాడు లాగుతూ మా తాతకి తాత వింటున్నాడు.

మూడో వరసకి ఆమె పాడడం ఆపేస్తుంది, పియానో ఒక్కటే నడుస్తుంది, ఒకచోట వేలు నొక్కిన మెట్టు పలకదు. సముద్రపు గాలికి లోపల తుప్పు.

"ఆ పలకని కాళీతోటే పాట నేర్సీసుకున్నాడు మా తాత. సర్చీలో అక్కడ ఊపిరి తీసుకుంటారు. నాటకంలో రాజు కళ్ళు తుడుసుకుంటాడు. పెళ్ళిలో పిల్లకి ఎక్కిళ్ళొస్తాయి. నువ్వేమో అక్కడ సంతంతా తెచ్చి కుక్కీస్తన్నావు."

"మరక్కడ ఏటూదాలి?"

"ఏటీ ఊదకు. ఊరుకో. నీకదే కష్టం."

ఆ వరస ఊదించి, ఆపించి, మళ్ళీ ఊదిస్తాడు. నాకు వచ్చేసింది! గంతులేస్తూ, "తాతా, ఆ రోజు కప్ప..." అంటాను. తాత టోపీ ఎత్తుతాడు. కప్ప ఇంకా అక్కడే ఉంది.

"ఉండనీరా. తాళం బాగేస్తాది."

ఎవరో కుదిపారు. భోజనాల బల్ల మీద నిద్రపోయాను. ఎదురుగా గౌరి, పెళ్ళిచీరలో.

"అన్నియ్యా, కారొచ్చీసింది. వాయించు."

ఎత్తుకున్నాను. మూడో వరసలో ఆ చోటికొచ్చి ఆగాను. ఆ నిశ్శబ్దంలో గౌరికి ఎక్కిలి వచ్చింది, ఆ వెంటనే నీళ్ళ డ్రమ్ము కింద నుంచి "బెక్" అని వినబడింది. గౌరి ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. పాట పూర్తయ్యాక నా చెవి మెలేసింది.

"అబద్ధాలకోరా! ఆ రోజు తాత టోపీలో పెట్టిన కప్పని పట్టి నీకిచ్చింది నానే గదా. తాత నీకిది ఎప్పుడు నేర్పేడు?"

"నేర్పలేదే. నీకు అబద్ధమే సెప్పేను," అన్నాను. "ఇప్పుడే నేర్పి ఎల్లేడు."