ఎత్తమనే సైగ

మా మామగారు రేవులో క్రేన్లకి సైగలు చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కింద నిలబడి ఆయన చెయ్యి ఎలా ఆడిస్తే, పైన క్యాబిన్‌లో కూర్చున్నవాళ్ళు అలా పెట్టెల్ని ఎత్తేవారు, దించేవారు. ఆ హోరులో చెవులు సగం పోయాయిగానీ చేతులు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. భోజనాల దగ్గర అరచెయ్యి కిందికి ఊపితే వడ్డించమని, పిడికిలి బిగిస్తే చాలని అర్థం. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే "ఎత్తు" అని. కాపరానికొచ్చిన కొత్తలో, ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకముందే నేనీ భాష నేర్చుకున్నాను.

ఆ భాషకో చట్టం ఉంది. ఎత్తమనీ దించమనీ చెప్పే హక్కు సైగల మనిషి ఒక్కడిదే. కానీ రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపే "ఆపు" సైగ ఎవరు చేసినా, చీపురు పట్టుకున్నవాళ్ళు చేసినా సరే, ఆపి తీరాలి.

మా ఆడపడుచు క్రేను నడపడం నేర్చుకున్నది తండ్రి సైగల మీదే. ఇప్పటికీ అమ్మాయి పొద్దున డ్యూటీకి బయల్దేరితే ఆయన మెట్ల దగ్గర నిలబడి ఆ వేలు తిప్పాలి. తిప్పందే గడప దిగదు.

అలాంటి ఇంట్లోకి దేశం గొడవ వచ్చి పడింది. రేవుల్ని నడిపే పని పరాయిదేశపు కంపెనీలకి అప్పజెప్పాలా వద్దా అని చట్టసభలో కొట్టుకున్నారు, టీవీలో కొట్టుకున్నారు, మంగలి షాపులో సగం గడ్డంతో లేచి మరీ కొట్టుకున్నారు. ఆఖరికి మా రేవుని ఒక కంపెనీకి ఇచ్చేశారు.

"రేవంటే ఇంటికి వీధి తలుపు! ఆ తాళంచెవి ఎవడో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెడతారా?" అన్నారు మామగారు.

"మన తాళం తుప్పుపట్టి ఎన్నాళ్ళయింది నాన్నా!" అంది అమ్మాయి. " ఓడలు పడిగాపులు పడలేక పక్కదేశం పోతున్నాయి."

"తుప్పు పడితే నూనె వేస్తాంగానీ ఇల్లు రాసిచ్చేస్తామా?"

"రాసివ్వడం కాదు, అద్దెకి."

"అద్దెకొచ్చినవాడు గోడలకి మేకులు కొడితే తెలుస్తుందిలే."

మా ఆయన ఎప్పట్లాగే ఇద్దరికీ తలూపారు. అంత నిష్పక్షపాతంగా తల తిప్పేది మా ఇంట్లో ఆయనా, టేబుల్ ఫ్యానూ.

అలా వాదించుకుంటూనే తండ్రీకూతుళ్ళు గిన్నెలో మాడు గోక్కుని పంచుకునేవారు. ముల్లు దిగింది మరోచోట. కంపెనీవాళ్ళు అమ్మాయిని కొత్త క్రేన్లకి తీసుకున్నారు. పైకి ఎక్కక్కర్లేదు, గదిలో కూర్చుని తెర చూస్తూ నడపడమే.

"మరి కింద సైగ చేసేదెవరు?" అనడిగారు మామగారు.

అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది. "కెమెరాలు, నాన్నా."

ఆయన పిడికిలి బిగించారు. కంచంలో నేనింకా ఏమీ వడ్డించనేలేదు.

ఆనాటినుంచి కూతురితో మాటల్లేవు, సైగల్లేవు. మెట్ల దగ్గర నిలబడడమూ మానేశారు. అమ్మాయి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

"సోమవారం కొత్త పనిలో చేరాలి వదినా. నాన్న వేలు తిప్పకపోతే నేను వెళ్ళను. నాకు చెయ్యాడదు," అంది, నా పక్కన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

"కెమెరాలున్నాయిగా," అన్నాను.

అది చూసిన చూపుకి ఆ చిక్కుళ్ళు పొయ్యి అక్కర్లేకుండానే ఉడకాలి.

ఆదివారం సాయంత్రం కార్మికుల హాల్లో కంపెనీ వద్దంటూ సభ. మామగారు వక్త. నేనూ అమ్మాయీ ఆఖరి వరసలో కూర్చున్నాం. ఆయన వీధి తలుపూ తాళంచెవీ దాకా వచ్చేసరికి ముందు వరసలోంచి ఎవడో అరిచాడు: "ముందు మీ ఇల్లు చూసుకోండి పెద్దాయనా! మీ అమ్మాయి వాళ్ళకి అమ్ముడుపోయిందిగా!"

"ఎవడ్రా అది?" మామగారు మైకు వదిలేశారు. "దాని చెయ్యి మంచిది గనక తీసుకున్నారు! ఓడలోంచి గుడ్ల బుట్ట దించినా ఒక్కటి చిట్లదు, ఏమనుకున్నావో!" అంటూ చొక్కా చేతులు మడిచి వేదిక దిగబోయారు. ఆయన మోకాళ్ళకి ఆ మెట్లే ఎక్కువ. అరిచినవాడి భుజాలేమో మా వీధి గుమ్మమంత ఉన్నాయి.

అమ్మాయి కుర్చీ ఎక్కి, రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపింది.

ఆయన ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయారు. హాల్లో సగంమంది రేవువాళ్ళే కాబట్టి వాళ్ళూ ఆగిపోయారు. ఎవరో తాగుతున్న టీ కూడా ఆగింది.

మామగారు కాలు వెనక్కి తీసుకుని, "కంపెనీ వద్దన్నాను. పిల్లని వద్దన్నానా?" అని గొణిగి కూర్చున్నారు. చెవులు మందగించినవాళ్ళ గొణుగుడు మైకు లేకపోయినా ఆఖరి వరసకి వినిపిస్తుంది. అమ్మాయి నా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అయినా సోమవారం పొద్దున ఆయన మెట్ల దగ్గర నిలబడలేదు. నల్ల బ్యాడ్జీ పెట్టుకుని, రేవు గేటు ముందు ధర్నా ఉందని ముందే వెళ్ళిపోయారు. కంపెనీ చొక్కా తొడుక్కున్న అమ్మాయి గడప మీద కూలబడింది.

"లే పిల్లా. మీ నాన్న క్యారేజీ మర్చిపోయారు, ఇచ్చేసి వద్దువుగాని."

"నువ్వే ఇవ్వు వదినా."

"సరే, నాకు తోడు రా."

ఇద్దరి క్యారేజీలూ నేనే పట్టుకుని బయల్దేరాను. గేటు ముందు జెండాలు, నినాదాలు. అమ్మాయి నా వెనక నక్కి, "పోదాం పద," అంది. అప్పుడే మామగారు చూశారు. కంపెనీ చొక్కాని చూశారు, దాని పైనున్న మొహాన్నీ చూశారు. చేతిలోని నినాదం రాసిన అట్టని చంకలో ఇరికించుకుని, చూపుడువేలు పైకెత్తి తిప్పారు. మెల్లిగా, గాజుసామాను ఎత్తించేటప్పుడు తిప్పినట్టు.

పక్కనున్న రేవు ముసలివాళ్ళకి సంగతి అర్థమై వాళ్ళూ వేళ్ళెత్తారు. పార్టీల తరఫున వచ్చినవాళ్ళు అదేదో కొత్త నినాదమనుకుని, వెనకబడిపోతామేమోనని ఇంకా జోరుగా తిప్పారు. కంపెనీ వద్దంటూ వచ్చిన జనమంతా వేళ్ళు తిప్పుతుంటే, మా ఆడపడుచు మధ్యలోంచి నడిచి కంపెనీలోకి వెళ్ళింది.

నేను ఎవరి క్యారేజీ వాళ్ళకిచ్చి ఇంటికొచ్చేశాను. అన్నమంతా ఒకదాంట్లో, కూరంతా ఇంకోదాంట్లో సర్దిన సంగతి మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం గేటు ఊచలకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఇచ్చిపుచ్చుకున్నారట. తింటున్నంతసేపూ వాదించుకున్నారట కూడా.

సాయంత్రం మామగారు ఖాళీ క్యారేజీ నా ముందు పెట్టి, పిడికిలి బిగించి చూపించారు. చాలు నీ వేషాలని.

అది "ఆపు" సైగ కాదు కదా. మర్నాడూ అలాగే సర్దాను.